విశాఖ చేపలకు పుస్తకం కట్టిన డాక్టర్ పాట్రిక్ రస్సెల్

ప్రత్యేక సంచిక కోసం ఎవరైనా ఒక ప్రసిద్ధుని జీవితం గురించి రాయవలసిందిగా మన కార్యవర్గం వారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి, సంఘ సంస్కర్తల గురించి చక్కగా రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను మత్స్యశాఖలో పనిచేసి రిటైరైన వాణ్ణి. నా సర్వీసు చాలావరకు తీరప్రాంతంలో, చేపల లెక్కల మధ్యనే గడిచింది. అందుచేత నాకు తెలిసిన దారిలోనే నడిచి, 200 ఏళ్ల క్రితం మన విశాఖపట్నం ఒడ్డున నిలబడి చేపలను పరీక్షించి, ప్రపంచానికి పరిచయం చేసిన డాక్టర్ పాట్రిక్ రస్సెల్ గారి జీవితం మీ ముందు ఉంచుతున్నాను.

ఈయననే ఎంచుకోవడానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, ఆయన మన ఊరు వచ్చేనాటికి 55 ఏళ్లు దాటాయి. ఒక ఉద్యోగం పూర్తిచేసుకుని, ఇంటిపట్టున ఉండవలసిన వయసు అది. ఆయన జీవితంలో శాశ్వతంగా నిలిచిపోయిన పని అంతా ఆ తరువాతనే జరిగింది. రెండవది, ఆయన పుణ్యమా అని మన జాలరుల నోటిలోని తెలుగు మాటలు కొన్ని ప్రపంచ శాస్త్ర గ్రంథాలలోకి ఎక్కాయి. ఈ సంగతి మన పిల్లలకు, మనవలకు తెలియవలసిన అవసరం ఉన్నదని నా నమ్మకం.

అలెప్పో రోజులు

రస్సెల్ గారు స్కాట్లాండ్ దేశంలోని ఎడింబరో నగరంలో 1720 దశకంలో జన్మించారు. వైద్యవిద్య అక్కడే అభ్యసించారు. ఆయనకు సవతి అన్నగారు అలెగ్జాండర్ రస్సెల్. ఆయన కూడా వైద్యుడే. అప్పట్లో టర్కీ సుల్తాను ఏలుబడిలో ఉండిన అలెప్పో నగరంలో (నేటి సిరియా దేశంలోనిది) ఇంగ్లీషు వర్తకుల కంపెనీకి డాక్టరుగా పనిచేసేవారు. తమ్ముడు 1750లో అన్నగారి దగ్గరికి చేరారు. 1753లో అన్నగారు స్వదేశం వెళ్లిపోగా ఆ ఉద్యోగం తమ్ముడికి వచ్చింది.

అలెప్పోలో రస్సెల్ గారు దాదాపు 20 ఏళ్లు ఉన్నారు. అరబ్బీ భాష నేర్చుకున్నారు. ఊరి పెద్దల ఆదరణ పొందారు. అక్కడి పాషా ఆయన మీద గౌరవంతో తలపాగా ధరించే మర్యాద ఇచ్చాడని చెబుతారు. 1760 నుంచి 1762 వరకు ఆ నగరంలో ప్లేగు చెలరేగింది. రస్సెల్ గారు ఊరు విడిచి పోకుండా అక్కడే ఉండి రోగులను చూశారు. చూసిన ప్రతిదీ రాసి పెట్టుకున్నారు. ఆ నోట్సు మీద ఆధారపడి ప్లేగు గురించి పెద్ద గ్రంథం అచ్చయినది ఎప్పుడో తెలుసా? 1791లో. అంటే దాదాపు 30 ఏళ్ల తరువాత! రాసిపెట్టుకున్న కాగితం ఏనాటికైనా అక్కరకు వస్తుందనే గుణం ఆయనలో మొదటినుంచీ కనిపిస్తుంది. ఫైళ్ల మధ్య బతికిన మన వంటివారికి ఈ గుణం విలువ వేరే చెప్పనక్కరలేదు.

1770 దశకం మొదట్లో అలెప్పో వదిలి లండన్ చేరి ప్రాక్టీసు పెట్టారు. 1777లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. ఇక జీవితం ఒక ఒడ్డుకు చేరినట్టే అనుకోవాలి.

విశాఖపట్నం రాక

ఆయనకు క్లాడ్ రస్సెల్ అనే మరో సోదరుడు ఉండేవారు. ఆయన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. ఆయనకు విశాఖపట్నంలో కంపెనీ పాలనాధికారిగా నియామకం అయింది. సోదరుని ఆరోగ్యం కనిపెట్టి ఉండటానికి పాట్రిక్ రస్సెల్ గారు కూడా ఓడ ఎక్కారు. ఆ విధంగా 1782లో మన విశాఖ తీరం చేరారు. రిటైర్మెంటు వయసు 55గా ఉన్న రోజులు మనలో పెద్దవారికి గుర్తే. ఆ లెక్కన చూస్తే పెన్షను కాగితాలు పుచ్చుకుని కొత్త దేశానికి బయలుదేరినట్టన్నమాట.

వచ్చినవాడు ఊరికే కూర్చోలేదు. మొక్కలు, పాములు, చేపలు, ఏది కనిపిస్తే దానిని పరిశీలించడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో కర్ణాటక ప్రాంతానికి కంపెనీ తరఫున ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా కోనిగ్ అనే వైద్యుడు ఉండేవారు. 1785లో ఆయన మరణించగా ఆ పదవి రస్సెల్ గారికి ఇచ్చారు. 1789 జనవరిలో స్వదేశానికి వెళ్లేవరకు ఆ ఉద్యోగంలో ఉన్నారు. ఆయన తరువాత ఆ స్థానంలోకి వచ్చినవారు ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞులు విలియం రాక్స్‌బర్గ్. కోరమాండల్ తీరపు మొక్కల గురించి రాక్స్‌బర్గ్ తెచ్చిన గ్రంథానికి ముందుమాట రాసినది కూడా మన రస్సెల్ గారే.

సామాన్య జనానికి రస్సెల్ పేరు పాముల వల్ల తెలుసు. ఏ పాము విషమున్నది, ఏది లేనిది అన్న సంగతి తేల్చడం ఆ రోజుల్లో ప్రాణాలకు సంబంధించిన విషయం. ఆయన పాములను సేకరించి, కోరలు పరీక్షించి, కోళ్లమీద, కుక్కలమీద కాటు ప్రభావం చూసి నోట్సు రాశారు. మనం రక్తపింజరి అనే పామును ఆయన కాటుకరేకుల పొడ అనే తెలుగు పేరుతోనే వర్ణించారు. ఆ పాముకే నేడు ప్రపంచమంతటా రస్సెల్ వైపర్ అని పేరు. పాముల పుస్తకం 1796లో అచ్చయింది. అయితే పాముల కీర్తి చాటున చేపల పని మరుగున పడింది. మన సముద్రానికి సంబంధించినంతవరకు చేపల పనే పెద్దదని నా అభిప్రాయం.

చేపను ఎలా చదవాలి

చేపను గుర్తుపట్టడం అంటే రంగు చూసి చెప్పడం అని చాలామంది అనుకుంటారు. రంగును నమ్ముకోవడానికి వీలులేదు. నీళ్లలోంచి తీసిన కాసేపటికే చేప రంగు మారిపోతుంది. అందువల్ల శరీర నిర్మాణంలో మారనివి, లెక్కపెట్టడానికి వీలైనవి చూడాలి. మన ఇంట్లో కత్తిపీట దగ్గర కూర్చున్నప్పుడు కూడా ఇవి చూడవచ్చు.

మొదట వాజాలు. మామూలు మాటలో రెక్కలు అంటాము. వీపుమీద ఉండేది పృష్ఠ వాజం. మొప్పల వెనుక రెండు పక్కలా చేతుల వలె ఉండేవి ఉరో వాజాలు. కిందిభాగంలో జతగా ఉండేవి శ్రోణి వాజాలు. వెనుక తోక వాజం. ఒక్కొక్క వాజంలో ముళ్లు ఎన్ని, మెత్తని కిరణాలు ఎన్ని అని లెక్కపెట్టాలి. తరువాత పక్కన తల నుంచి తోక దాకా పోయే గీత. దానిని పార్శ్వరేఖ అంటారు. నీటిలో కదలికను చేప ఈ గీత ద్వారా తెలుసుకుంటుంది. ఆ తరువాత పొలుసులు, పళ్లు, మొప్పలు.

ఉదాహరణకు కోనం, వంజరం తీసుకుందాం. బజారులో రెండిటినీ వంజరం అనే అమ్మవచ్చు. కాని కోనం చేపకు పార్శ్వరేఖ రెండవ పృష్ఠ వాజం చివరకు వచ్చేసరికి ఒక్కసారిగా కిందికి దిగుతుంది. ఒంటిమీద నిలువు చారలు ఉంటాయి. చుక్కల వంజరానికి ఆ గీత నెమ్మదిగా వంగుతుంది, దానికి సన్నని కొమ్మలు కూడా ఉంటాయి. ఒంటిమీద చారలకు బదులు చుక్కలు ఉంటాయి. ఒక్క గీత చూసి రెండు జాతులు విడదీయవచ్చు. రస్సెల్ పుస్తకంలో ఈ రెండు చేపలకూ పక్కపక్కనే బొమ్మలు ఉన్నాయి. మన పేర్లతోనే ఉన్నాయి.

రస్సెల్ గారి పని పద్ధతి ఇదే. చేపను ఎదురుగా పెట్టుకుని కొలతలు, వాజాల లెక్క, పళ్ల తీరు, మొప్పల తీరు వరుసగా రాయడం. స్థానిక చిత్రకారుని చేత బొమ్మ గీయించడం. దాని పేరేమిటని జాలరులను అడిగి, వారు చెప్పినది చెప్పినట్టు ఇంగ్లీషు అక్షరాలలో రాసుకోవడం. అప్పటికి ఆ చేపలలో చాలావాటికి శాస్త్రీయ నామం అంటూ ఏదీ లేదు. అందుచేత జాలరి చెప్పిన మాటే పుస్తకంలో చేప తలమీద శీర్షిక అయింది.

సర్వీసులో ఉండగా వేలంపాట దగ్గర తట్టలు ముందు పెట్టుకుని కూర్చునే ఆడవారిని ఎందరినో చూశాను. వారిలో బడి ముఖం చూసినవారు తక్కువ. కాని రెండు వేళ్లతో మొప్ప ఎత్తి, ఎరుపు చూసి ఎప్పుడు పట్టిన చేపో చెప్పేవారు. తోక దగ్గర పట్టుకుని చూసి ఏ రకమో చెప్పేవారు. మేము పుస్తకంలో చూసి తేల్చవలసినది వారు చేతితో తేల్చేవారు. రస్సెల్ గారికి పేర్లు చెప్పినవారు వీరి ముత్తాతలు, ముత్తవ్వలే కదా అని నాకు అనేకసార్లు అనిపించేది.

సావళ్లు, చందువల కథ

రస్సెల్ గారి కాలంలో జీవుల వర్గీకరణకు ఆధారం స్వీడన్ దేశపు లిన్నేయస్ పండితుని పద్ధతి. ఆయన గ్రంథం పదవ ముద్రణ 1758లో వెలువడింది. చేపల విషయంలో లిన్నేయస్‌కు దారి చూపినవాడు ఆయన స్నేహితుడు ఆర్టెడి. ఈ ఆర్టెడి పాపం చిన్న వయసులోనే, 1735లో, ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో కాలువలో పడి చనిపోయాడు. ఆయన రాసి ఉంచిన కాగితాలను లిన్నేయస్ అచ్చువేయించి లోకానికి ఇచ్చాడు.

ఎముకల చేపలను విభజించడానికి లిన్నేయస్ పెట్టిన సూత్రం చాలా సులభం. కింది జత రెక్కలు, అనగా శ్రోణి వాజాలు, ఎక్కడ ఉన్నాయో చూడాలి. అసలు లేకపోతే ఒక వర్గం. ఉరో వాజాల కన్నా ముందు, గొంతు దగ్గర ఉంటే రెండవ వర్గం. ఉరో వాజాల కిందనే, రొమ్ము దగ్గర ఉంటే మూడవది. వెనుక పొట్ట దగ్గర ఉంటే నాలుగవది. కానాగంత మూడవ వర్గంలోకి, జెల్లచేప నాలుగవ వర్గంలోకి వస్తాయి. ఎముకలు లేక మెత్తని మృదులాస్థి మాత్రమే ఉండే సొరలను, టేకులను లిన్నేయస్ చేపలలోనే చేర్చలేదు. కప్పలు, పాములు ఉన్న తరగతిలో పెట్టాడు. తరువాత గ్మెలిన్ అనే పండితుడు వాటిని తిరిగి చేపలలోకి తెచ్చాడు.

ఈ సూత్రం వల్ల ఒక చిత్రం జరిగింది. రస్సెల్ గారి పుస్తకంలో సావళ్లూ చందువలూ పక్కపక్కన వచ్చాయి. సావడ చూస్తే వెండి రిబ్బను వలె పొడవుగా ఉంటుంది. చందువ పళ్లెం వలె గుండ్రంగా ఉంటుంది. రెండిటికీ ఏం పోలిక? రెండిటికీ కింది జత రెక్కలు లేవు. అంతే. ఆ ఒక్క కారణం చేత ఒక పంక్తిలో కూర్చున్నాయి. తరువాతి శాస్త్రజ్ఞులు ఒక్క అవయవాన్ని బట్టి చుట్టరికం కట్టడం కుదరదని, ఎముకల గూడు, మొప్పలు, పళ్లు అన్నీ చూడాలని ఈ పద్ధతిని వదిలివేశారు.

కథ అక్కడితో ఆగలేదు. ఈ శతాబ్దంలో చేపల జన్యువులను పోల్చి చూసే పరిశోధనలు వచ్చాయి. 2013లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో సావళ్లు, తెల్లచందువలు, కానాగంతలు, వంజరాలు అన్నీ ఒకే పెద్ద కుటుంబపు కొమ్మలుగా తేలాయి. రెక్కలు లేకపోవడం కారణం కాదుగాని చుట్టరికం మాత్రం నిజమే! మరి నల్లచందువ సంగతి? పేరులో చందువ ఉన్నా అది ఈ కుటుంబం కాదు, పారల కుటుంబం. ఇంకో విశేషం ఏమిటంటే నల్లచందువ పిల్లకు కింది రెక్కలు ఉంటాయి. పెరిగే కొద్దీ అవి పోతాయి. అంటే లిన్నేయస్ సూత్రం ప్రకారం అదే చేప చిన్నప్పుడు ఒక వర్గంలో, పెద్దయ్యాక మరొక వర్గంలో ఉండాలి. సూత్రాలు ఎంత సులభంగా ఉన్నా ప్రకృతి వాటికి కట్టుబడి ఉండదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

పుస్తకం వచ్చింది, పేరు పోయింది

రస్సెల్ గారు విశాఖ వదిలిన 14 సంవత్సరాలకు, 1803లో, చేపల గ్రంథం లండన్‌లో రెండు సంపుటాలుగా వెలువడింది. కోరమాండల్ తీరంలో విశాఖపట్నం వద్ద సేకరించిన 200 చేపల వర్ణనలు, చిత్రాలు అని దాని పేరు. గ్రంథం శీర్షికలోనే మన ఊరి పేరు ఉన్నది. అప్పటికి రచయితకు 75 ఏళ్లు దాటాయి. నడుమ ప్లేగు గ్రంథం, 1794లో అన్నగారి అలెప్పో గ్రంథాన్ని పెంచి రెండవ ముద్రణ, పాముల గ్రంథం, ఇవన్నీ పూర్తిచేశారు. వివాహం చేసుకోలేదు. ఇల్లు, సంసారం అన్నీ ఆ కాగితాలే.

ఇక్కడ మనసుకు కష్టం కలిగించే విషయం ఒకటి ఉన్నది. శాస్త్రలోకంలో ఏ జీవికైనా రెండు మాటల లాటిన్ పేరు ఉండాలి. మొదటి మాట ప్రజాతిని, రెండవది జాతిని చెబుతుంది. ఆ రెండు మాటల పేరు మొదట ఎవరు అచ్చువేస్తే వారి పేరే ఆ జీవికి నామకర్తగా శాశ్వతంగా నిలుస్తుంది. రస్సెల్ గారు శీర్షికలుగా జాలరుల పేర్లు పెట్టారు. ఆ కొత్త చేపలకు రెండు మాటల పేర్లు కట్టలేదు. ఆయన పుస్తకం ముందు పెట్టుకుని, ఆయన వేయించిన బొమ్మలు చూసి, ఆయన రాసిన లెక్కలు చదివి, యూరపులో కూర్చున్న ఇతరులు ఆ పేర్లు కట్టారు. లండన్‌లో షా, పారిస్‌లో కువియే, వలాంసియెన్ మొదలైనవారికి ఆ ఘనత దక్కింది. కష్టం ఒకరిది, సంతకం మరొకరిది. ఉద్యోగం చేసిన వారెవరికైనా ఈ అనుభవం కొత్త కాదు.

కాని చూడండి, ఆ పేర్లు కట్టినవారు తమ సొంత మాటలు ఎక్కడినుంచో తేలేదు. రస్సెల్ పుస్తకంలో ఉన్న తెలుగు మాటనే తీసుకుని లాటిన్ పక్కన కూర్చోబెట్టారు. మన కానాగంతను కనగర్త అని కూడా అంటారు కదా. రస్సెల్ గారు దానిని కనగుర్త అని రాసుకున్నారు. 1816లో కువియే ఆ మాటనే జాతి నామం చేశాడు. నేడు ఆ చేప పేరు రాస్ట్రెల్లిగర్ కనగుర్త. రాస్ట్రెల్లిగర్ అంటే దంతె మోసేది అని అర్థం. ఆ చేప నోరు తెరిచి చూస్తే మొప్పల లోపల దంతె పళ్ల వలె పొడవాటి ముళ్లు కనిపిస్తాయి. వాటితో నీటిని వడగట్టి సూక్ష్మజీవులను తింటుంది. మొదటి మాట దాని శరీర నిర్మాణం చెబుతుంది, రెండవ మాట మన జాలరి పెట్టిన పేరు చెబుతుంది. పుస్తకాలలో దాని పక్కన కువియే పేరు బ్రాకెట్లలో ఉంటుంది. ఆ బ్రాకెట్లకు అర్థం, ఆయన పేరు పెట్టినప్పుడు వేరే ప్రజాతిలో ఉంచాడని, తరువాతివారు ఇందులోకి మార్చారని. రస్సెల్ పేరుకు అక్కడ చోటు లేదు. కాని విశాఖ మాటకు ఉన్నది. ఎర్రసముద్రం ఒడ్డున ఉన్నవాడైనా, ఇండోనేషియా వాడైనా ఈ చేప గురించి శాస్త్రీయంగా రాయాలంటే మన తెలుగు మాట పలకవలసిందే.

ఇది ఒక్కటే కాదు. సావళ్లలో ఒక జాతికి సావల అనే పేరే జాతి నామం. ఒక జాతి సొరకు సొర అనే మాటే పేరు. ఈటె వలె కోసుగా, కోరపళ్లతో ఉండే షీలా చేపలలో ఒకదానికి జెల్లో అని పేరు. పారలలో తోల్ పార నుంచి తోల్, మూకలీ పార నుంచి మూకలీ, బొట్ల పార నుంచి బొట్ల. ఇవన్నీ ఈనాటికీ చెల్లుతున్న అంతర్జాతీయ నామాలు. ట్రైనింగులో మాకు లాటిన్ పేర్లు బట్టీ పట్టించేవారు. మిగతా పేర్లు నోరు తిరగక అవస్థపడేవాళ్లం. ఈ పేర్లు మాత్రం ఇంటి చుట్టం ఎదురైనట్టు ఉండేవి.

1870 దశకంలో ఫ్రాన్సిస్ డే అనే సైనిక వైద్యుడు భారతదేశపు చేపలన్నిటి మీద మహాగ్రంథం తెచ్చాడు. అందులో సముద్రపు చేపల వర్ణనలు తిరగేస్తే అడుగడుగునా రస్సెల్ విశాఖ గ్రంథం ప్రస్తావన, దానితో పాటు మన నల్లచందువ, తెల్లచందువ వంటి మాటలు కనబడతాయి. నామకర్తగా పేరు దక్కకపోయినా రస్సెల్ గారిని దాటి ఎవరూ ముందుకు పోలేకపోయారు.

తరువాతివారు ఆయన రుణం కొంత తీర్చుకున్నారు. 1831లో బెన్నెట్ అనే శాస్త్రజ్ఞుడు ఒక అందమైన విషపు ముళ్ల చేపకు రస్సెల్ పేరు పెట్టాడు. ఆ రకం చేపను మన జాలరులు కోడిపుంజు అన్నారు. రస్సెల్ పుస్తకంలో కోడిపుంగి అని ఉన్నది. ఈకల వలె విచ్చుకున్న దాని రెక్కలు చూసినవారెవరైనా ఆ పేరు పెట్టిన జాలరికి దండం పెట్టవలసిందే. తరువాత 1849లో డచ్చి శాస్త్రజ్ఞుడు బ్లీకర్ ఒంటిమీద నల్లమచ్చ ఉండే ఒక చేపకు కూడా రస్సెల్ పేరే పెట్టాడు.

చివరి రోజులు

చేపల గ్రంథం వచ్చిన రెండు సంవత్సరాలకు, 1805 జూలై 2న, రస్సెల్ గారు లండన్‌లో మరణించారు. 80 ఏళ్లకు దగ్గర పడిన వయసు. పాముల గ్రంథం రెండవ సంపుటం అప్పటికి ఇంకా భాగాలుగా వస్తూనే ఉన్నది. అది 1809లో పూర్తయింది. పని మధ్యలోనే కన్నుమూశారన్నమాట. 

ఆయన మన ఊరిలో ఉన్నది సుమారు ఏడేళ్లు మాత్రమే. ఉద్యోగంలో ఉన్నది అందులో మూడేళ్ల చిల్లర. కంపెనీ వారికి కావలసినది లాభం. మొక్కలు, రంగులు, వ్యాపారానికి పనికివచ్చే సరుకు మీదనే వారి దృష్టి. అటువంటి సంస్థ జీతం తీసుకుంటూ ఈ మనిషి ఒక జాలరిని పిలిచి, దీనిని మీరేమంటారు అని అడగడమే నాకు పెద్ద సంగతిగా తోస్తుంది. అడిగి ఊరుకోలేదు. చెప్పిన మాటను తన పుస్తకంలో శీర్షికగా పెట్టారు. ఆ మర్యాదే ఆ మాటలను బతికించింది. అయినా లెక్క పూర్తిగా తేలలేదని కూడా చెప్పుకోవాలి. గ్రంథం ముఖపత్రం మీద రస్సెల్ పేరు ఉన్నది, కంపెనీ పేరు ఉన్నది. వల లాగిన చేతికి, కుంచె పట్టిన చేతికి అక్కడ చోటు దొరకలేదు.

మనకు చెందిన పని

మిత్రులారా, ఇదంతా పాత కథ అని పక్కన పెట్టకండి. మరబోట్లు వచ్చాయి, ఐసు పెట్టెలు వచ్చాయి, చేపలు ముక్కలై ప్యాకెట్లలో ఇంటికి వస్తున్నాయి. ముక్కకు తల ఉండదు, రెక్క ఉండదు, పేరు కూడా ఉండదు. మా మనవలకు చేప అంటే ముల్లు లేని వేపుడు ముక్క. కారలు, మాగలు, పాలసొరలు అంటే వారికి తెలియదు. బాలింతకు సొర ఎందుకు పెట్టేవారో చెప్పగల అమ్మమ్మలు కూడా తగ్గిపోతున్నారు. లాటిన్ పుస్తకంలో భద్రంగా ఉన్న మాట విశాఖ ఇళ్లలో లేకుండా పోతే, అంతకన్న దురదృష్టం ఏముంటుంది?

రస్సెల్ గారు రాసిపెట్టినవి 200 మాత్రమే. మన తీరంలో ఉన్న జాతులు అంతకు ఎన్నో రెట్లు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఊరూరికీ పేరు మారుతుంది. విశాఖలో ఒక పేరు, కాకినాడలో ఒక పేరు, మచిలీపట్నంలో మరొక పేరు. మన సంఘంలో రెవెన్యూ వారు ఉన్నారు, ఉపాధ్యాయులు ఉన్నారు, పోర్టులో, రైల్వేలో పనిచేసినవారు ఉన్నారు. తీరగ్రామాలలో పుట్టిపెరిగినవారు, అక్కడ ఉద్యోగాలు చేసినవారు ఎందరో ఉన్నారు. ఒక్కొక్కరికి గుర్తున్న చేపల పేర్లు, అది ఎట్లా ఉంటుందో రెండు వాక్యాలు, ఏ ఊరి మాటో, ఎవరు చెప్పగా విన్నారో, ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి. చెప్పినవారి పేరు కూడా తప్పక రాయండి. రస్సెల్ పుస్తకంలో లోటుగా మిగిలినది అదే కనుక. నా వంతుగా నేను మొదలుపెట్టాను. ఇప్పటికి 63 పేర్లు అయ్యాయి. వాటిలో సగం పైగా వేలంపాట దగ్గర కూర్చునే అమ్మలు చెప్పినవే. వారి పేర్లతో సహా రాశాను.

కార్యవర్గం వారు అనుమతిస్తే సభ్యులు పంపిన పేర్లను రాబోయే సంచికలలో విడతలుగా వేసుకోవచ్చు. మన వయసులో కొత్త పని ఎందుకని ఎవరికైనా అనిపిస్తే, 55 దాటాక ఓడెక్కి, 75 దాటాక పుస్తకం అచ్చువేయించిన డాక్టరు గారిని ఒక్కసారి తలుచుకోవలసిందిగా మనవి.